కంప్యూటర్ చెస్ పోటీలు ఎక్కడ పెడితే అందరికీ న్యాయం?

బంటు_ఎనిమిదో_గడి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. 1974లో స్టాక్‌హోమ్‌లో మొదలైన ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్ 2024లో స్పెయిన్‌లోని సాంటియాగో డి కాంపొస్టెలాలో ముగిసింది. యాభై ఏళ్ళ చరిత్ర ఉన్న పోటీ అది. మళ్ళీ ఎవరో ఒకరు ప్రోగ్రామర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టే పోటీ మొదలుపెడతారని నా నమ్మకం. అప్పుడు వేదికను ఎలా ఎంచుకోవాలన్నది ముందే మాట్లాడుకుంటే మంచిది.

1974 నుంచి 2019 వరకు జరిగిన 25 ఛాంపియన్‌షిప్‌లు ఏ ఊళ్ళో జరిగాయో వరుసగా రాసి చూశాను. 16 యూరప్‌లో, 6 ఆసియాలో, 3 ఉత్తర అమెరికాలో. అమెరికా ఖండంలో చివరిది 1989 ఎడ్మంటన్. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా ఒక్కసారి కూడా లేవు, ఇండియా కూడా లేదు. 2015, 2016, 2017 వరుసగా మూడేళ్ళు లైడెన్‌లోనే. ఇది న్యాయమేనా? ఖండాల మధ్య వంతులు వేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

---

పాత_శకటు (గుంటూరు)

లెక్క సరిగ్గానే ఉంది తమ్ముడూ. కానీ ఆ లెక్క వెనక ఉన్న మనుషుల్ని కూడా చూడు. 2002లో మాస్ట్రిక్ట్, 2011లో టిల్బర్గ్, 2015 నుంచి లైడెన్. ఈ మూడు ఊళ్ళ విశ్వవిద్యాలయాల్లోనూ ఒకదాని తర్వాత ఒకదానిలో పనిచేసింది ప్రొఫెసర్ యాప్ వాన్ డెన్ హెరిక్. ఆయన ఎక్కడికి వెళితే పోటీ అక్కడికి వెళ్ళింది. జపాన్‌లో 2010 కనజావా, 2013 యోకొహామా పోటీలకు హిరోయుకి ఈదా గారు అండగా నిలిచారు. హాలు ఇచ్చేవాళ్ళు, విద్యార్థుల్ని సాయానికి పెట్టేవాళ్ళు, రెండు వారాలు నిద్ర మానుకుని పనిచేసేవాళ్ళు ఎక్కడుంటే పోటీ అక్కడ జరిగింది. ఎవరో కావాలని యూరప్‌కు రాసిచ్చింది కాదు.

అందుకే వంతులు వేయడమంటే నాకు భయం. ఈసారి ఆఫ్రికా వంతు అని కాగితం మీద రాసుకుని, అక్కడ పిలిచేవాళ్ళు లేకపోతే ఆ ఏడాది పోటీయే ఉండదు.

---

ఆర్బిటర్_బెజవాడ

పాత_శకటు గారితో ఏకీభవిస్తాను. ఇంకో మాట. చెస్‌లో ఆటగాడు స్వదేశంలో ఆడితే కొంత బలం వస్తుందంటారు. కంప్యూటర్‌కి అదేం లేదు. 2004లో ఇజ్రాయెల్‌లోని రమత్ గన్‌లో ఇజ్రాయెల్ ప్రోగ్రామ్ జూనియర్ గెలిచింది నిజమే. కానీ అదే జూనియర్ 2002లో మాస్ట్రిక్ట్‌లో, 2006లో ట్యూరిన్‌లో కూడా గెలిచింది. సోవియట్ ప్రోగ్రామ్ కైస్సా మొదటి టైటిల్ గెలిచింది స్వీడన్‌లో. కాబట్టి వేదిక విషయంలో గెలుపు ఓటముల గురించి ఆలోచించక్కర్లేదు. ఎవరు ఆ హాలు తలుపు దాటి లోపలికి రాగలరు, ఎవరు రాలేరు, అదొక్కటే ప్రశ్న.

---

గుర్రం_రెండున్నర_అడుగులు (డాలస్)

కరెక్ట్‌గా చెప్పారు. నేను ఈ చర్చ అంతా ఒకే పోటీ చుట్టూ తిరగాలంటాను: 1996 జకార్తా.

తెలియనివాళ్ళ కోసం. అప్పట్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌తో పాటు మైక్రో కంప్యూటర్లకు విడిగా ఒక ఛాంపియన్‌షిప్ జరిగేది. మామూలు పీసీల మీద నడిచే ప్రోగ్రాములన్నీ అందులో ఆడేవి. 1996లో దాన్ని ఇండొనేషియాలో పెట్టారు. ఇండొనేషియాకు, ఇజ్రాయెల్‌కు దౌత్య సంబంధాలు లేవు. అంటే జూనియర్ రాసిన అమీర్ బాన్, షాయ్ బుషిన్‌స్కీ ఆ దేశంలోకి వెళ్ళలేని పరిస్థితి. బలమైన ప్రోగ్రాముల్లో ఒకటి ఆటలో ఓడిపోకుండానే బయట ఉండిపోయింది. అప్పటి ఇంటర్నెట్ చర్చాగుంపుల్లో ప్రోగ్రామర్ల మధ్య పెద్ద గొడవే జరిగింది. పోటీ జరిగింది, ష్రెడర్ అనే ప్రోగ్రామ్ గెలిచింది, దాని గెలుపులో లోపమేమీ లేదు. కానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టినప్పుడు, పాస్‌పోర్ట్ రంగు చూసి ఒకరిని బయట నిలబెట్టే దేశంలో పెట్టకూడదు. ఆతిథ్యం ఎంత గొప్పగా ఇచ్చినా సరే.

బంటు గారి వంతుల పద్ధతిలో చూస్తే జకార్తా చాలా మంచి ఎంపిక. ఆసియా, అభివృద్ధి చెందుతున్న దేశం, కొత్త ఊరు. నాకు వంతుల మీద నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

---

నల్ల_మంత్రి (జర్మనీ)

గుర్రం గారూ, జకార్తా గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ అదే సూత్రం రెండో వైపు కూడా పెట్టి చూడండి. 2004లో రమత్ గన్‌లో పెట్టినప్పుడు, ఇజ్రాయెల్‌ను గుర్తించని దేశాల నుంచి ఒక ప్రోగ్రామర్ వెళ్ళగలిగేవాడా? ఇరాన్ పౌరుడికైతే తన దేశ చట్టమే అడ్డు. అక్కడి భద్రత గురించి భయపడి వెనకాడే హక్కు ఎవరికైనా ఉంటుంది. జకార్తా తప్పయితే రమత్ గన్ గురించి కూడా అదే ప్రశ్న అడగాలి. ఒకదానికి కోపం తెచ్చుకుని రెండోదాన్ని వదిలేస్తే అది సూత్రం కాదు.

మనుషుల చెస్‌లోనూ ఇదే కథ. 1976లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒలింపియాడ్ (దేశాల జట్ల చెస్ పోటీ) పెడితే సోవియట్ కూటమి, అరబ్ దేశాలు రాలేదు. దానికి పోటీగా ట్రిపోలీలో ఇంకొకటి జరిగింది. 1986లో దుబాయ్ ఒలింపియాడ్‌కు ఇజ్రాయెల్‌ను పిలవలేదు. 2017లో రియాద్‌లో ర్యాపిడ్, బ్లిట్జ్ పెడితే ఇజ్రాయెల్ ఆటగాళ్ళకు వీసాలు రాలేదు. ఆ ఏడాదే అన్నా ముజిచుక్ తన రెండు టైటిళ్ళను వదులుకుని మరీ అక్కడికి వెళ్ళనంది. 2018లో ఆ పోటీని రియాద్ నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు మార్చారు. నలభై ఏళ్ళలో ఎవరూ ఏమీ నేర్చుకోలేదని నాకు బాధగా ఉంటుంది.

---

గడియారం_నొక్కు (వరంగల్)

పెద్దవాళ్ళ మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. ఇదంతా ఎందుకు? టీసీఈసీ అనే ఇంజిన్ల (చెస్ ప్రోగ్రాముల) ఆన్‌లైన్ పోటీ ఉంది కదా. హార్డ్‌వేర్ అంతా నిర్వాహకులదే, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, వీసా గోల లేదు. స్టాక్‌ఫిష్, లీలా ఆడుతుంటే ఇంట్లో కూర్చుని చూస్తున్నాం. అంతకంటే న్యాయం ఏముంటుంది?

---

పాత_శకటు (గుంటూరు)

మంచి ప్రశ్న నాన్నా. టీసీఈసీ అంటే నాకూ ఇష్టమే. 2010లో మార్టిన్ థోరెసెన్ ఒక్కడే మొదలుపెట్టి ఎంత దూరం తీసుకొచ్చాడో చూస్తే ఆనందంగా ఉంటుంది. కానీ అది కొలిచేది ఒకటి, ముఖాముఖి పోటీ కొలిచేది ఇంకొకటి.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఎవరి యంత్రం వాళ్ళు తెచ్చుకోవచ్చు. ప్రోగ్రామ్, యంత్రం, రెండూ కలిపి ఒక ఆటగాడు. 2015లో లైడెన్‌లో జానీ అనే ప్రోగ్రామ్ గెలిచినప్పుడు 2,400 కోర్ల (ప్రాసెసర్ భాగాల) క్లస్టర్ మీద, అంటే కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు మీద నడిచింది. అన్ని వేల కోర్ల మధ్య పని పంచడం ఎంత కష్టమో ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకు తెలుసు. అది కూడా చెస్ పరిశోధనే. కొందరికి అది అన్యాయం అనిపించి 2009లో పాంప్లోనాలో 8 కోర్ల హద్దు పెట్టారు, తర్వాత ఆ హద్దు తీసేశారు. ఒకటే హార్డ్‌వేర్ మీద ఆడే సాఫ్ట్‌వేర్ ఛాంపియన్‌షిప్‌ను పక్కనే విడిగా నడిపారు. నా దృష్టిలో అది సరైన పరిష్కారం.

ఇక మనుషుల సంగతి. 1974 స్టాక్‌హోమ్ పోటీ ఐఎఫ్ఐపీ (కంప్యూటర్ రంగ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) మహాసభతో పాటు జరిగింది. 1977 టొరంటోలో కలిసిన ప్రోగ్రామర్లే అక్కడ అంతర్జాతీయ సంఘాన్ని పెట్టుకున్నారు. ఆట అయ్యాక మధ్యాహ్నం భోజనాల దగ్గర "నీ సెర్చ్ అక్కడ ఎందుకు ఆగింది?" అని ఒకరినొకరు అడుగుతూ నేర్చుకున్నదే ఈ రంగం. సర్వర్ లాగ్ చూస్తే ఆ మాటలు దొరకవు.

---

బంటు_ఎనిమిదో_గడి (హైదరాబాద్)

నేను చిన్న ఇంజిన్ రాస్తున్నవాణ్ణి కాబట్టి ఇది నాకు సొంత విషయం. యూరప్‌లో పోటీ అంటే నా ఖర్చు ఎలా ఉంటుందో చెప్తాను. షెంగెన్ వీసాకి అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక టెన్షన్. ఆహ్వాన పత్రం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్స్, టికెట్లు, ఆఫీసు నుంచి సెలవు లెటర్. ఇవన్నీ పెట్టినా రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే కట్టిన ఫీజు వెనక్కి రాదు. డచ్ ప్రోగ్రామర్ రైలెక్కి లైడెన్ వెళ్తాడు. ఇద్దరం ఒకటే ఎంట్రీ ఫీజు కట్టినా, ఇద్దరి పోటీ ఒకటి కాదు.

అందుకే వంతులన్నాను. ఒకసారి దూరం వాళ్ళకి దగ్గరవ్వాలి కదా.

---

ఆర్బిటర్_బెజవాడ

బంటు గారి బాధ నాకు బాగా అర్థమవుతుంది. 2024 టొరంటో క్యాండిడేట్స్ (ప్రపంచ టైటిల్‌కు సవాలుదారును తేల్చే పోటీ) గుర్తుందా? మన కోనేరు హంపి గారు కూడా ఆడిన పోటీ. ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ళకే వీసాలు ఆలస్యమై, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే బహిరంగంగా కెనడా ప్రభుత్వానికి విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. గ్రాండ్‌మాస్టర్లకే ఆ పరిస్థితి అయితే, సెలవు పెట్టి సొంత డబ్బుతో వచ్చే అమెచ్యూర్ ప్రోగ్రామర్ ఫైలు ఎవరు పట్టించుకుంటారు?

కాబట్టి నేననేది ఇది. వేదిక కోసం ముందుకొచ్చే ఊరు హాలు, హోటల్ ధరలు చెప్పేముందు ఒక కాగితం ఇవ్వాలి. పేరు నమోదు చేసుకున్న ఏ దేశం వాడికైనా ప్రవేశం ఇస్తామని ఆ దేశ ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే హామీ. పోటీకి ఆరు నెలల ముందు అది చేతికి రాకపోతే రెండో ఊరికి మార్చేయాలి. రెండో ఊరు మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండాలి.

---

గడియారం_నొక్కు (వరంగల్)

అయితే హైదరాబాద్‌లోనే పెట్టొచ్చు కదా సార్? 2002లో ఫిడే వరల్డ్ కప్ ఇక్కడే జరిగింది, ఆనంద్ గారు గెలిచారు. ఇన్ని ఐటీ కంపెనీలు, డేటా సెంటర్లు, ఎయిర్‌పోర్ట్. మనవాళ్ళు ఎంతమంది ఇంజిన్లు రాస్తున్నారో చూస్తే వంద మంది వాలంటీర్లు ఒక్క రోజులో వస్తారు.

---

ఆర్బిటర్_బెజవాడ

నాకూ ఆశే నాన్నా. కానీ మనం పెట్టిన నియమం ముందు మనకే వర్తించాలి. 2022 చెన్నై ఒలింపియాడ్ ఎంత అద్భుతంగా జరిగిందో చూశాం. రష్యా నుంచి తప్పిన పోటీని కొన్ని నెలల్లో నిలబెట్టారు. అయినా పాకిస్తాన్ జట్టు ఇక్కడిదాకా వచ్చి కూడా ఆడకుండా వెనక్కి వెళ్ళింది. చైనా పౌరులకు మన టూరిస్ట్ వీసాలు 2020 నుంచి ఐదేళ్ళు ఆగి, 2025 జులైలో మళ్ళీ మొదలయ్యాయి. కంప్యూటర్ చెస్‌లో చైనా వాళ్ళు లేకుండా పోటీ అంటే ఎలా? ఆ హామీ మన ప్రభుత్వం ఇస్తే హైదరాబాద్‌కు నా ఓటు. ఇవ్వకపోతే నేనే వద్దంటాను.

---

నల్ల_మంత్రి (జర్మనీ)

హామీ కాగితం కంటే ముందే కొంత పని మనం చేయొచ్చు. ఏ దేశం ఎవరికి వీసా అడగదో చూస్తే చాలు. ఆ పద్ధతిలో వెతికితే కజాఖ్‌స్తాన్ దగ్గర ఆగాను. 2022 నుంచి భారతీయులకు, ఇరానీయులకు, చైనా వాళ్ళకు కనీసం 14 రోజులు వీసా అక్కర్లేదు. ఇజ్రాయెల్, అమెరికా, యూరోపియన్ యూనియన్, రష్యా, ఉక్రెయిన్ పౌరులకు కూడా అక్కర్లేదు. ఇన్ని పాస్‌పోర్టులు ఒకే హాల్లోకి వీసా లేకుండా రాగలిగే చోటు చాలా తక్కువ. 2022లో వరల్డ్ ర్యాపిడ్, బ్లిట్జ్ అల్మాటీలో, 2023లో డింగ్, నెపోమ్నియాషీల ప్రపంచ టైటిల్ మ్యాచ్ అస్తానాలో జరిగాయి. పెద్ద చెస్ పోటీ నడపడం వాళ్ళకు కొత్త కాదు.

మలేషియా కూడా మనకు వీసా లేకుండా దొరుకుతుంది. కానీ ఇజ్రాయెల్ పాస్‌పోర్ట్‌కు అక్కడ తలుపులు మూసే ఉంటాయి. కాబట్టి మనకు సులువు కదా అని దాన్ని ఎంచుకుంటే జకార్తా మళ్ళీ జరిగినట్టే.

---

గుర్రం_రెండున్నర_అడుగులు (డాలస్)

మంత్రి గారూ, మంచి ఆలోచన, కానీ ఒక అనుమానం. 2022 జనవరిలో అల్లర్ల సమయంలో కజాఖ్‌స్తాన్‌లో ఇంటర్నెట్ దేశవ్యాప్తంగా ఆపేశారు. పెద్ద ప్రోగ్రాములు ఇప్పుడు యంత్రాన్ని మోసుకురావు. యంత్రం ఎక్కడో ఉంటుంది, హాల్లో ల్యాప్‌టాప్ మాత్రమే. నెట్ పోతే సగం మంది ఆటే ఆగిపోతుంది. మన దేశంలోనూ పరీక్షలకు, అల్లర్లకు నెట్ ఆపడం మామూలైపోయింది కాబట్టి ఇది ఒక్క కజాఖ్‌స్తాన్‌ను అంటున్న మాట కాదు.

1995 హాంకాంగ్ గుర్తు చేసుకోండి. ఐబీఎం డీప్ బ్లూ నమూనా యంత్రం అమెరికాలో ఉండి లైన్ ద్వారా ఆడింది. ఐదో రౌండ్‌లో తెల్లపావులతో ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్ చేతిలో ఓడిపోయింది. ఫ్రిట్జ్ నడిచింది హాల్లో ఉన్న పెంటియం పీసీ మీద. గెలిచిన ఫ్రిట్జ్‌ను తక్కువ చేయడం లేదు, చాలా గొప్ప ఆట. కానీ సముద్రాల అవతల నుంచి ఆడేవాడికి లైన్ భయం ఉంటుంది, హాల్లో డబ్బా పెట్టుకున్నవాడికి ఉండదు.

---

పాత_శకటు (గుంటూరు)

దూరం నుంచి ఆడటం ఈ పోటీ పుట్టినప్పటి నుంచే ఉంది. కైస్సా నడిచిన ఐసీఎల్ యంత్రం మాస్కోలోనే ఉంది, స్టాక్‌హోమ్‌కు ఎత్తులు ఫోన్‌లో చెప్పారు. అప్పటి ఫోన్ లైన్లతో 13 ప్రోగ్రాముల పోటీలో మొదటి స్థానం! యంత్రాన్ని కదిలించకపోవడమే మంచిదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ కూడా ఉంది. 1982లో కెన్ థాంప్సన్ బెల్ అనే తన చెస్ యంత్రాన్ని సోవియట్ యూనియన్ తీసుకెళ్తుంటే న్యూయార్క్ విమానాశ్రయంలో అమెరికా అధికారులు పట్టుకున్నారు. సాంకేతిక పరిజ్ఞానం శత్రు దేశానికి వెళ్తోందన్నారు. నెల రోజులకు పైగా పట్టింది, 600 డాలర్ల జరిమానా కట్టి విడిపించుకున్నాడు. 1980లో లింజ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన యంత్రానికి ఆ గతి.

ఇప్పుడు శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుల ఎగుమతుల మీద మళ్ళీ అలాంటి ఆంక్షలే నడుస్తున్నాయి. లీలా లాంటి ఇంజిన్లకు ప్రాణం ఆ కార్డులే. వేదిక నిర్ణయించేటప్పుడు కస్టమ్స్ సంగతి మరిచిపోవద్దు. వస్తువును తాత్కాలికంగా తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. హైదరాబాద్ నుంచి బాక్స్ పట్టుకెళ్ళేవాళ్ళు ముందే తీసుకోవాలి.

---

బంటు_ఎనిమిదో_గడి (హైదరాబాద్)

అయితే నా వంతుల మాట పక్కన పెట్టి ఇలా అడుగుతాను. రాలేనివాడు దూరం నుంచి ఆడొచ్చు అంటే సమస్య తీరుతుందా? ఆపరేటర్‌గా (ప్రోగ్రామ్ చెప్పిన ఎత్తులు బోర్డు మీద వేసే మనిషిగా) హాల్లో ఇంకొకరిని పెట్టుకుని, నేను ఇక్కడి నుంచి చూస్తుంటే?

---

ఆర్బిటర్_బెజవాడ

ఆపరేటర్‌ను తేలిగ్గా తీసుకోకండి. 2003 గ్రాజ్‌లో జానీ, ష్రెడర్ ఆట. మూడుసార్లు అదే స్థితి వస్తోందని జానీ తెర మీద చూపించింది. డ్రా అడగాల్సింది ఆపరేటర్. అడగలేదు. ఆట కొనసాగింది, ష్రెడర్ గెలిచింది, ఆ ఫలితం నిలబడింది. చివరికి ష్రెడర్, ఫ్రిట్జ్ సమానంగా నిలిస్తే ప్లేఆఫ్‌లో ష్రెడర్ ఛాంపియన్ అయింది. ఆ ఒక్క అర పాయింట్ ఎవరి ఏడాదిని ఎటు తిప్పిందో చూడండి. కాబట్టి దూరం నుంచి ఆడేవాడి తరఫున హాల్లో కూర్చునే మనిషికి నియమాలు బాగా తెలిసి ఉండాలి, ఆ మనిషిని నిర్వాహకులే ఇవ్వాలి, దానికి వేరే ఫీజు తీసుకోకూడదు. ఇప్పటి పోటీల్లో ఎత్తులు, డ్రాలు సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే ఇంకా మంచిది.

సమయం సంగతి కూడా ఉంది. యూరప్‌లో మధ్యాహ్నం మొదలయ్యే రౌండ్ మనకు సాయంత్రం, పర్వాలేదు. అమెరికాలో పెడితే మనకు అర్ధరాత్రి. యంత్రం నిద్రపోదు, కానీ నెట్ పోయినప్పుడు రూటర్ దగ్గర ఉండాల్సింది మనిషే.

---

నల్ల_మంత్రి (జర్మనీ)

నేనూ ఇప్పుడు దీని వైపే వస్తున్నాను. వేదికను ఎంచుకునేటప్పుడు వీసా హామీ, నెట్ హామీ, కస్టమ్స్ సాయం ఉన్న ఊరే తీసుకోవాలి. దాంతో పాటు, ఏ కారణంతోనైనా రాలేని ప్రోగ్రామర్‌కు దూరం నుంచి ఆడే హక్కు మామూలు ప్రవేశంతో సమానంగా నియమావళిలోనే ఉండాలి. ఎవరూ బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు. 1996లో జూనియర్‌కు ఆ హక్కు నియమావళిలోనే ఉండి ఉంటే, కనీసం ఆట బోర్డు మీద తేలేది.

అయినా దూరం నుంచి ఆడే హక్కు ఉంది కదా అని మూసిన తలుపులున్న దేశాన్ని ఎంచుకోవడం మాత్రం ఒప్పుకోను. "నువ్వు రావద్దు, నీ ఎత్తులు పంపు చాలు" అని ఒక మనిషితో అనకూడదు.

---

గుర్రం_రెండున్నర_అడుగులు (డాలస్)

ఆ చివరి మాటకు చేతులెత్తి దండం పెడుతున్నాను మేడమ్.

ఒక్కటి చేర్చండి. మీరంతా "ప్రవేశం" అంటున్నారు. నాలాంటి హెచ్-1బీ వాళ్ళకు సమస్య వెళ్ళడంలో కాదు, తిరిగి రావడంలో ఉంది. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరినవాడు అల్మాటీకి వీసా లేకుండా వెళ్ళగలడు. తిరిగి డాలస్ రావాలంటే ముందు ఇండియా వెళ్ళి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ఎన్ని నెలలు ఆగాలో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు ఇక్కడ. అలాగని అమెరికాలో పెట్టమంటే ఇరాన్ ప్రోగ్రామర్‌ను బయట నిలబెట్టినట్టే, అది నేను అడగను. నియమంలో "రాలేకపోవడం" అన్నచోట "తిరిగి తాను ఉంటున్న దేశానికి చేరలేకపోవడం" అని కూడా రాయండి. కారణం నిరూపించమని కాగితాలు అడగొద్దు.

---

బంటు_ఎనిమిదో_గడి (హైదరాబాద్)

రాశాను అన్నా. మనం అనుకున్నవన్నీ నియమాల ముసాయిదాగా రాస్తున్నాను, ఇది అందులో రెండో క్లాజులో పెట్టాను, కాగితాలు అడగకూడదని కూడా. ఆర్బిటర్ గారూ, నెట్ తెగితే గడియారం ఆపాలా, నడవనివ్వాలా అన్నది ఖాళీగా వదిలాను. దానికి మీరే మాట ఇవ్వాలి.

---

ఆర్బిటర్_బెజవాడ

హాల్లో లైన్ పోతే నిర్వాహకుల బాధ్యత, గడియారం ఆపాలి. ఆటగాడి ఇంటి వైపు పోతే నడుస్తుంది, కానీ ఒక ఆటలో ఒకసారి పది నిమిషాల వరకు మాఫీ. ఎటువైపు పోయిందో తేల్చడానికి రెండు వైపులా లాగ్ ఉండాలి. రేపు సాయంత్రం పూర్తి పాఠం రాసి ఇక్కడే పెడతాను.